యాడికని అడిగిన నర్సమ్మ

నా చిన్నప్పుడు మా పాళెంలో, బయలుదేరిన మనిషిని ‘యాడికి’ అని అడిగితే పెద్దవాళ్లు కళ్లెర్రజేసేవాళ్లు. వాకాడు అవతల సముద్రం ఒడ్డున మావి చేపలవేట ఇళ్లు. మగవాళ్లు తెల్లారకముందే పడవెక్కి పోతారు. వాళ్లు ఒడ్డుకొచ్చేదాకా ఆడవాళ్లకు ముద్ద దిగదు. అలాంటి చోట గడప దాటేవాణ్ణి ఎక్కడికని అడగడమంటే, మళ్లీ రావద్దని చెప్పినట్టే లెక్క. మరీ తప్పనిసరైతే ‘దూరమా?’ అనేవాళ్లం. ఎవరైనా నోరు జారితే, ఎంత తొందర పనైనా సరే, ఆ మనిషి వెనక్కి తిరిగి కూర్చుని, నీళ్లు అడిగి తాగి, కాసేపాగి మళ్లీ బయలుదేరాలి. మా నాయన ఒకసారి అట్లా కూర్చోవడం నేను చూశాను. అడిగిన పొరుగూరి చుట్టం ఆ పూటంతా తలెత్తుకోలేకపోయాడు పాపం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా జేజి తుంటి విరిగి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పడుకున్నప్పుడు అక్కడి నర్సమ్మ ఆ మాటే అడిగింది. ఒకసారి నోరు జారి అడిగితే క్షమించేద్దుము. ఆవిడ రోజూ అడిగింది, మంచం పక్కన నిలబడి మరీ అడిగింది.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మి బిడ్డల్ని సాకిన మనిషి. నాకు ఊహ తెలిసేసరికే ఆమెకు మతి తప్పడం మొదలైంది. ఇప్పుడు డాక్టర్లు దానికి డిమెన్షియా అని పేరు పెట్టారు గానీ, అప్పట్లో మా వాళ్లు ముసలితనం అని ఊరుకునేవాళ్లు. కొడుకుల పేర్లు మరిచిపోయింది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో చాకిరీ చేసిన మా అమ్మను పట్టుకుని, ‘ఎవురి బిడ్డవమ్మా నువ్వు?’ అనేది. నన్ను మాత్రం తన చెల్లెలనుకునేది. చేపల బేరం మానేసి ఎంతో కాలమైనా, తెల్లారితే చాలు, పడవలొచ్చేశాయంటూ గంప కోసం వెతుక్కునేది. అట్లా లేచిపోయి, ఒక వానాకాలం పొద్దున కాలవ గట్టు మీద జారి పడింది.

పుత్తూరు తీసుకుపోయి అక్కడి నాటువైద్యులతో కట్టు కట్టిద్దామన్నాడు మా పెదనాయన. ఆసుపత్రి గడప తొక్కినవాళ్లు నడిచి తిరిగిరారని ఆయన నమ్మకం. మా నాయన వినలేదు. పడుకోబెట్టిన నులకమంచంతోటే ఎద్దులబండి ఎక్కించి వాకాడు దాకా, అక్కడ వడ్ల బస్తాల లారీ మీద నెల్లూరు దాకా తీసుకొచ్చాడు. దారి పొడవునా జేజి అరిచిన అరుపులు నేను ఇప్పటికీ మరిచిపోలేను. చేర్పించి ఆయన వేటకు వెళ్లిపోయాడు. వెళ్లకపోతే ఇల్లు గడవదు. తోడుకు అమ్మ ఉండిపోయింది. జేజి ఎవరి మాటా వినదు గనుక, ఆమె ‘చెల్లెలి’గా నేనూ ఉండిపోయాను.

ఈ ఒంటికి ఆపరేషన్ పనికిరాదన్నాడు డాక్టరు. కాలికి తాడు కట్టి, మంచం చివర చక్రం మీదుగా బరువు వేలాడదీశారు. మనిషిని లేవనివ్వొద్దు, లేస్తే ఎముక మళ్లీ కదిలి ఇక జన్మలో నడవదు అన్నాడు. నీళ్లు బాగా తాగించండి, లేకపోతే జ్వరం తగిలి మనిషే దక్కదు అని కూడా అన్నాడు. చెప్పడానికేం, ఆయన చెప్పి వెళ్లిపోయాడు. మా జేజికి కాలు విరిగిన సంగతే గుర్తుండదు. నిమిషం నిమిషానికీ గంప అంటూ మోచేతుల మీద లేవబోయేది. గ్లాసు మూతి దగ్గర పెడితే పళ్లు బిగించి, ‘మందు కలిపినారే దీంట్లో, నన్ను చంపేదానికి’ అనేది. ఇంటి కుండలో నీళ్లు తాగిన నాలుకకి కొళాయి నీళ్లు మందు వాసనే వేసి ఉంటాయి. ఆమె పెదాలు ఎండిపోయి తోలు లేచిపోతుంటే అమ్మ చాటుగా కళ్లు తుడుచుకునేది.

ఆ వార్డుకు ఒక పెద్ద నర్సమ్మ ఉండేది. తెల్లచీర, బిగించి చుట్టిన ముడి, నవ్వన్నది ఎరగని మొహం. మేం చేరిన మర్నాడు జేజి లేవబోతుంటే ఆవిడ గబగబా వచ్చి, ‘యాడికవ్వా?’ అంది. అమ్మ చేతిలో విసనకర్ర కింద పడింది. ‘నీ నోట్లో మన్నుబడ!’ అని జేజి కేక పెట్టింది. అమ్మ ఇక అక్కడ నిలవలేదు. ఆ మాట చెడు నాకు తగలకూడదని నన్ను రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయి, మూటలోని ఉప్పు తీసి నాకు దిష్టి తీసింది. మేం తిరిగొచ్చేసరికి జేజి వెనక్కి వాలి పడుకుని ఉంది. మంచం పక్కన గ్లాసు ఖాళీగా ఉంది.

అదే తంతు మళ్లీ మళ్లీ జరిగింది. జేజి లేవబోవడం, నర్సమ్మ అడగడం, అమ్మ నన్ను వరండాలోకి లాగడం. తిరిగొస్తే గ్లాసు ఖాళీ. అమ్మకు అనుమానం ముదిరిపోయింది. ‘నీళ్లు పారబోసి తాగించినట్టు చూపిస్తండాది. ముసల్ది పోతే మంచం ఖాళీ అవుద్ది గదా’ అని నా చెవిలో అంది. నేను అంతకన్నా ఎక్కువ అనుమానపు పిల్లని. నర్సమ్మ ఎక్కడికి పోతే అక్కడికి కళ్లు తిప్పేదాన్ని. పక్క మంచం ఆమె లేచి నడుస్తుంటే, ‘జాగర్తమ్మా’ అంది గానీ యాడికని అడగలేదు. ఎదురు మంచం ఆమెనూ అడగలేదు. మా జేజినే అడుగుతోంది! అంటే మా జేజి మీదే పగ. పోయిన జన్మలో ఏదో ఉండి ఉంటుందని కూడా అనుకున్నాను. ఆవిడ నా తల నిమరబోతే పక్కకు తప్పుకునేదాన్ని, ఇచ్చిన బిస్కెట్టు తినకుండా కిటికీలోంచి కాకులకు వేసేదాన్ని. అవి చావకుండా ఎగిరిపోయినా నా అనుమానం తీరలేదు.

ఇంతలో పెదనాయన వచ్చాడు. అమ్మ చెప్పిందంతా విని ఆయన మొహం జేవురించింది. ‘నేను ముందే చెప్పినానా లేదా! లారీ మాట్లాడి వస్తా, ఈ పొద్దే పుత్తూరు’ అని అరిచాడు. జేజిని మళ్లీ ఆ దారి పట్టిస్తారని వినగానే నాకు ఆ అరుపులు చెవుల్లో మోగాయి. లారీ కుదుపులకు ఆమె బతకదని నాకు కూడా అర్థమైంది. ఇక్కడుంటే ఈవిడ చంపుతుంది, కదిలిస్తే దారి చంపుతుంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ అరుపులకు నర్సమ్మ వచ్చింది. పెదనాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆవిడ అంతా విని, ‘తీసకపోతే తీసకపొండి. ఒక్కసారి ఈడ నిలబడి చూసి తీసకపొండి. ఎవురూ బయటికి పోవద్దు’ అంది. గ్లాసులో నీళ్లు పోసి చేత్తో పట్టుకుంది. జేజికి మాత్రం మా గొడవ పట్టలేదు. గంప, గంప అంటూ మోచేతులు ఆనించింది.

‘యాడికవ్వా?’ అంది నర్సమ్మ. అమ్మ నా చెయ్యి నొక్కింది గానీ ఈసారి కదల్లేదు.

‘నీ నోట్లో మన్నుబడ! పొయ్యేదాన్ని యాడికంటావా? పయనం చెడగొడితివి గదే!’ అంటూ జేజి తనంతట తానే వెనక్కి వాలిపోయింది. ఆ తర్వాత చెయ్యి చాపి, ‘ఇయ్యి, నీళ్లియ్యి’ అంది. మందు కలిపారన్న గొడవే లేదు. గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, కాసేపాగి పోవాలి గదా, కళ్లు మూసుకుంది. లేచేసరికి గంప సంగతి మరిచిపోతుందని నర్సమ్మకు తెలుసు.

నర్సమ్మ గొంతు తగ్గించి, తనది ఇందుకూరుపేట దగ్గర పల్లె అనీ, వాళ్లింట్లోనూ ఈ పట్టింపు ఉందనీ చెప్పింది. మొదటిరోజు కంగారులో నోరు జారిందట. అవ్వ వెనక్కి వాలి నీళ్లడిగేసరికి ఆవిడే బిత్తరపోయిందట. ‘బిడ్డలు గుర్తులేరు, కాలిరిగింది గుర్తులేదు. ఇదొక్కటే మిగిలుండాది. దాన్నే పట్టుకున్నా’ అంది. మరి మాతో ఎందుకు చెప్పలేదని అమ్మ నిలదీస్తే, ‘చెప్తే నన్ను అడగనిస్తారా మీరు?’ అంది. నిజమే, అడగనిచ్చేవాళ్లం కాదు.

‘నాకు డ్యూటీ లేనప్పుడు మీరే అడగాలి’ అని నర్సమ్మ పెదనాయన వైపు చూసింది. ఆయన పుట్టినప్పట్నుంచి అనని మాట. ‘నా వల్ల కాదు తల్లీ’ అని తల అడ్డంగా ఊపి బయటికి వెళ్లిపోయాడు. లారీ మాత్రం మాట్లాడలేదు.

సాయంత్రం జేజి మళ్లీ లేవబోయింది. నర్సమ్మ లేదు. అమ్మ గ్లాసు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ‘యాడికత్తా?’ అంది. జేజి తల తిప్పి ఆమెను ఎగాదిగా చూసింది. ‘ఏమే కోడలా! ఇన్నేండ్లు నా ఇంట్లో ఉండి ఇదా నువ్వు నేర్చుకునింది? నీళ్లియ్యి’ అంది. కోడలా! ఎన్నాళ్లయిందో ఆ పిలుపు విని. అమ్మ నీళ్లు తాగిస్తూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఆ తిట్టు కోసమే ఆ తర్వాత రోజూ తనే ముందుగా వచ్చి అడిగేది.

జేజి బతికింది. ఒక కాలు పొట్టిదైనా, కర్ర పట్టుకుని మా పాళెంలో నడిచింది. పోయేదాకా అమ్మను కోడలా అనే పిలిచి తిట్టింది. నర్సమ్మను నేను మళ్లీ చూడలేదు. మంచివాళ్లను అనుమానించానన్న సిగ్గు నాకు పెద్దగా లేదు, మేం చూసిందాన్ని బట్టి మేం అనుమానించాం. కానీ ఆ రోజు నుంచి ఎవరినైనా అనుమానించే ముందు వరండాలోకి పారిపోకుండా నిలబడి చివరిదాకా చూడటం అలవాటు చేసుకున్నాను. ఈ కథ మా కోడలికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

అదే ఇప్పుడు నా పీకలమీదికొచ్చింది. చదువుకున్న పిల్ల, పట్టింపులు లేని పిల్ల, ఈమధ్య నేను చెప్పులు వేసుకుంటే చాలు వంటింట్లోంచి వచ్చి, ‘యాడికత్తా?’ అంటోంది. చేతిలో గ్లాసు కూడా ఉంటోంది. నాకు అనుమానం రాదా మరి! నిన్న గట్టిగా నిలదీద్దామనే అనుకున్నాను. దాని మొహంలోకి చివరిదాకా చూశాను. ఆనాడు మా అమ్మ మొహం ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ‘బుద్ధుందటే నీకు!’ అని తిట్టి, గడప లోపల కూర్చుని, నీళ్లు పూర్తిగా తాగేశాను. కాసేపాగి మళ్లీ చెప్పులు వేసుకోబోయాను గానీ, ఎక్కడికి బయలుదేరానో ఎంతకీ గుర్తురాలేదు.