కోపం లేని గ్రహాంతరవాసి

మొన్న ఆదివారం మా మేనకోడలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఫ్లాటుకి వచ్చింది. ఇక్కడే మధురవాడలో, వీడియోగేములు తయారుచేసే ఒక ఆఫీసులో బొమ్మలు గీస్తుంది. కొత్త ఆటకి ఒక గ్రహాంతరవాసి కావాలట, చూడగానే ఆడేవాడికి చెమటలు పట్టాలట. ఈ పిల్ల గీసిందల్లా పైవాళ్ళు తిప్పి పంపిస్తున్నారు. "మామయ్యా, నిజం చెప్పు. భయమేస్తందా, లేదా?" అని తెర తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. తలంతా కళ్ళు, నోటినిండా రంపంలాంటి పళ్ళు, పళ్ళ సందుల్లోంచి ధారగా జొల్లు. మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "పాపం, దీనికి బాగా జలుబు చేసినట్టుంది. మిరియాల కషాయం పెట్టనా?" అంది. పిల్ల మొహం మాడిపోయింది. "పోనీ, నిజంగా భయపెట్టేది ఎలాగుంటదో నువ్వే చెప్పు," అంది. చెప్పగలను. చెప్పాలో వద్దో తెలియకే నాకు కూర్చోబుద్ధి కాలేదు. బాల్కనీలోకి పోయి ఆరిన బట్టలు తీశాను, తీసినవే మళ్ళీ తీగమీద వేసి వచ్చాను. మా ఆవిడ వింతగా చూసింది.

ఆ పిల్ల తండ్రి, అంటే మా అక్క మొగుడు, అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఉక్కునగరంలో క్వార్టరు. మా వైపు బావాబావమరుదులు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి ఆయన నాకు బావ, నేను ఆయనకి బావ. డ్యూటీ పోగా మిగిలిన ప్రాణమంతా నాటకాలకే. నేను సబ్బవరం నుంచి ఆదివారాలు సంచీడు వంకాయలతో వెళ్తే అక్క వంకాయల్ని పలకరించేది, బావ నన్ను పట్టుకుని కొత్త నాటకం మొదలుపెట్టేవాడు. ఏటా జరిగే ఫ్యాక్టరీ నాటక పోటీల్లో అందరూ పౌరాణికాలు వేస్తుంటే ఈయనకి మాత్రం ఆకాశంనుంచి ఎవడో ఒకడు దిగాలి. ఒక ఏడు పాత పరుపులోని స్పాంజి కోసి, పచ్చరంగు పూసి, కొమ్ములు కుట్టి, ఒక జీవిని స్టేజీమీదికి దించాడు. పొద్దస్తమానం కరిగిన ఇనుము పక్కన నిలబడే జనం కొమ్ములకి భయపడతారా? ముందు వరసలోంచి ఎవరో, "ఒరే, దానికి చెమటలు పడతన్నాయి, ఫేను తిప్పండ్రా!" అని అరిచారు. హాలు హాలంతా గొల్లుమంది. బావ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "వచ్చే ఏడు కూడా నవ్వితే నాను మళ్ళీ స్టేజీ ఎక్కను, ఒట్టు," అన్నాడు. ఆయనకి నాటకం లేకపోతే ఏం మిగులుతుందో మా అక్కకి తెలుసు. అందుకే ఆ ఏడంతా ఆయన ఏం అడిగినా కాదనలేదు.

అడిగినవాటిలో ఒకటి, ఆదివారం చేపలకి తననీ హార్బరుకి తీసుకెళ్ళమని. పరధ్యానం మనిషి, సంచి మోయడానికే పనికొస్తాడు. నేనూ వెంట వెళ్ళాను. మా అక్క చేప కొనడం చూసి తీరాల్సిందే. మొప్ప ఎత్తి లోపల ఎరుపు చూస్తుంది, కడుపు మీద బొటనవేలితో నొక్కుతుంది, నచ్చకపోతే పక్కకి విసిరి ఇంకోదాన్ని ఎత్తుతుంది. ఆ చేతులు అలా పనిచేస్తుంటే నోరు మాత్రం చేపలావిడతో, "మీ అమ్మాయికి నెలలు నిండాయా? ఒంట్లో ఎలాగుంది?" అని ఎంతో ప్రేమగా మాట్లాడుతుంటుంది. బావ ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బావా, మీ అక్కని సూడు. ఆ సేప మీద కోపముందా? పగుందా? అసలు దాని మొహమైనా సూసిందా?" అన్నాడు. అక్క వెనక్కి తిరక్కుండానే, "ఏటి గొణుగుతన్నావ్? సంచీ తెరువు," అంది.

ఈసారి నాటకంలో స్పాంజి లేదు, రంగు లేదు. బావా, ఆయన తోటి షిఫ్టు మనిషీ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, చేతిలో గుడ్డసంచులతో స్టేజీమీదికి వచ్చారు, అంతే. వాళ్ళే గ్రహాంతరవాసులు. ఎదురుగా మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, కింది రెప్ప లాగి చూసి, జబ్బ నొక్కి, ఇద్దరూ తమ ఇంటి సంగతులు చెప్పుకుంటూ ముందుకి జరుగుతున్నారు. వరస చివర నాటకానికి ఒక చిన్నపిల్ల కావాలని సొంత కూతుర్నే నిలబెట్టాడు. అప్పటికింకా పాలపళ్ళు ఊడుతున్న వయసు దానికి. బావ దాని గడ్డం పట్టి మొహాన్ని లైటు వైపు తిప్పాడు. బుగ్గమీద బొటనవేలితో నొక్కాడు. నొక్కుతూనే పక్కవాడితో, "మీ వోడికి జొరం తగ్గిందేటి?" అని అడిగాడు. తర్వాత, "ఇది సిన్నది. ఇంకా ఎదగాల. వదిలెయ్," అని వెళ్ళిపోయాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా లేవు. నా ముందు కూర్చున్నాయన పక్క కుర్చీలోని కొడుకుని మాట్లాడకుండా ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఏడు బహుమతి బావకే వచ్చింది.

కానీ ఆ రోజునుంచి పిల్ల, తండ్రి దగ్గరికి రావడం మానేసింది. ఆయన ఇంట్లో ఉంటే అన్నం తినేది కాదు, అక్క కొంగు వదిలేది కాదు. "అమ్మా, నాను నాన్ననే," అని బావ బతిమాలితే ఇంకా బిగుసుకుపోయేది. అక్కకి ఒళ్ళు మండింది. "మాస్కుంటే తీసి సూపించీవోడివి. నీ మొహంతోనే పోయి బయపెట్టినావు, ఇప్పుడేటి తీత్తావు?" అంది. బావ పిల్లకి ఎదురుపడకుండా, అది బడికి పోయే వేళకి ఇంటికి చేరేలా షిఫ్టులు మార్పించుకున్నాడు. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి చెప్పాడు: "నటన కాదు బావా. ఆ సణంలో అది నా పిల్లేనని నాకు గుర్తే లేదు. పాత్ర బాగా వస్తందని సంతోషపడ్డాను." ఆయన్ని చూస్తే జాలేసింది, కాస్త భయం కూడా వేసింది.

బడికి సెలవొచ్చిన ఒక మధ్యాహ్నం ఆయన నైట్ డ్యూటీ నిద్రలో ఉన్నాడు. నేనూ అక్కా వంటింట్లో ఉన్నాం. పిల్ల మెల్లగా మంచం దగ్గరికి పోయింది. తండ్రి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది. బుగ్గ నొక్కింది, మీసం లాగింది, మెడ దగ్గర వాసన చూసింది. చాలాసేపు చూసింది. చూసి, మా వైపు తిరిగి, "నాన్నే," అని చెప్పి ఆయన పక్కన పడుకుంది. బావ మేలుకునే ఉన్నాడు. కళ్ళు తెరిస్తే ఎక్కడ లేచి వెళ్ళిపోతుందోనని మూసుకునే ఉన్నాడు, నీళ్ళు మాత్రం చెవుల్లోకి కారుతున్నాయి. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మొన్న బాల్కనీనుంచి లోపలికొచ్చి పిల్లకి చెప్పాను. పళ్ళు తీసెయ్, జొల్లు తీసెయ్, ముఖ్యంగా కోపం తీసెయ్, అది మనని బజార్లో చేపని చూసినట్టు చూడాలి, అన్నాను. కళ్ళు మెరిశాయి దానికి. అక్కడే గీయడం మొదలుపెట్టింది. "చిన్నప్పుడు మీ నాన్న నాటకంలో నువ్వూ వేశావు, గుర్తుందా?" అని అడిగేశాను. "నేనా? నాటకమా? ఎప్పుడు?" అని నవ్వింది. "నాన్న పడుకుంటే మొహం తడిమీదాన్ని, అది గుర్తుంది. ఎందుకో మరి." అంతకన్నా ఏమీ లేదు దాని దగ్గర.

అది వెళ్ళగానే బావకి ఫోన్ చేశాను. రిటైరయ్యాక ఆయన సబ్బవరంలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. పిల్ల మా ఇంటికి వచ్చిందంటే చాలు, ఎప్పుడూ మొదట అడిగేది ఒకటే, మొన్నా అదే అడిగాడు: "దానికి గుర్తొచ్చిందేటి?" లేదు బావా, ఒక్క ముక్క గుర్తులేదు, అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. "నాకైతే ఆ బుగ్గ ఇంకా బొటనేలికి తగుల్తంది బావా," అన్నాడు. కాలం ఆ పిల్ల దగ్గర్నుంచి భయాన్ని ఏ గుర్తూ లేకుండా పట్టుకుపోయింది గానీ, ఇన్నేళ్ళయినా మా బావ బొటనవేలి జోలికి మాత్రం రాలేదు.