ఓ పడవోయ్!

కువైట్‌లో ఏళ్లపాటు ఇళ్లల్లో వంటపని చేసి, మొన్ననే కృష్ణా నది మధ్యనున్న మా లంకకు తిరిగొచ్చాను. లంకకు దాటే రేవులో టూరిస్టుల మోటారు బోట్లున్నాయి. అయినా పాత అలవాటు కొద్దీ నోటికి చేతులడ్డం పెట్టుకుని "ఓ పడవోయ్!" అని కేకేశాను. క్యూలో వాళ్లంతా పకపకా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో అవతలి ఒడ్డు నుంచి "వస్తన్నా, ఉండవే మస్తానూ!" అని జవాబొచ్చింది. చిన్నప్పుడు మమ్మల్ని దాటించిన సుబ్బయ్య బాబాయి గొంతు!

నేనెక్కిన మోటారు బోటు అవతలికి చేరేసరికి బాబాయి కొబ్బరిబోండాల కత్తితో మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"నీ పడవేది బాబాయ్?"

"ఇంకెక్కడి పడవే? రిసార్టోళ్లు అందులో మట్టిపోసి పూలమొక్కలేశారుగా! నీ కేక వినపడేసరికి పడవుందనుకుని నీళ్లలోకి దిగిపోయా."

చెప్పులు చేత్తో పట్టుకుని నేనూ ఆ నీళ్లలోకే దిగాను. మా లంకకు వచ్చానని అప్పుడనిపించింది.