పదకొండు గంటల ఆటలో పాపాల లెక్క

మా సంఘంలో ఏ సినిమానైనా చూడడానికి అనుమతి ఉన్న మనిషిని ఒకప్పుడు నేనొక్కణ్ణే. ఆ అనుమతి ఊరికే రాలేదు. పాస్టరయ్యగారు నా తల మీద చేయి పెట్టి, నన్ను ఆ చీకటిలో కాపాడమని ప్రభువును వేడుకొని మరీ పంపారు. అడవుల్లోకి సువార్తకు పోయేవాళ్ళకు చేసే ప్రార్థన అది. నేను పోయింది మాత్రం నయాపూల్ దగ్గరి సినిమా హాలుకు, బాల్కనీ టికెట్టు మీద.

అసలు కథ ఒక ఆదివారం మొదలైంది. కార్వాన్‌లో మా మందిరం ఒక మేడ మీది రేకుల షెడ్డు. అప్పుడే విడుదలైన ఒక పెద్ద సినిమా ఎంత చెడ్డదో అయ్యగారు ముప్పావు గంట చెప్పారు. అంతా అయ్యాక డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచి, "అయ్యగారు, మీరు జూసిండ్రా గా సిన్మ?" అని అడిగింది. అయ్యగారు పోస్టరు చూశారు. అంతే. ఒక్క పోస్టరు మీద ముప్పావు గంట మాట్లాడడమంటే మామూలు సంగతి కాదు గానీ, ఆ అమ్మాయి అది ఒప్పుకునే రకం కాదు.

ఆ సాయంత్రం సంఘపెద్దలం కూర్చొని, ఇకమీదట ఎవరో ఒకరు సినిమా చూసి, అందులోని పాపాలు లెక్కరాసి, సంఘానికి చెప్పాలని తీర్మానించాం. అందరూ నా వైపు చూశారు. నేను కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. గంటగంటకూ మీటర్లు చూసి రీడింగులు పుస్తకంలో ఎక్కించడమే నా ఉద్యోగం. పైగా శుక్రవారం నాకు వారపు సెలవు. నాకొద్దని రెండుసార్లు అన్నాను. మూడోసారి అంటే నిజంగానే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారేమోనని ఊరుకున్నాను.

ఒక రూళ్ళ పుస్తకం కొని గళ్ళు గీశాను. ముద్దు, మద్యం, బూతు, చేతబడి, తల్లిదండ్రులకు ఎదురు చెప్పడం. చివర్లో తీర్పు: ఆకుపచ్చ చుక్క పెడితే చూడవచ్చు, ఎర్ర చుక్క పెడితే చూడరాదు. ఎదురు చెప్పడం గడి రెండో సినిమాకే నిండి పక్క పేజీలోకి పాకింది. నరకడానికీ చంపడానికీ మాత్రం గడి లేదు. ఎవరికీ తోచలేదు. అందువల్ల హీరో కత్తి పట్టుకొని ఊరినంతా నరికిన ఒక సినిమాకు ఆకుపచ్చ చుక్క పెట్టాను. పాపం, అతను తాగలేదు, అమ్మ మాట జవదాటలేదు. ఆ మరుసటి వారమే, ఆసుపత్రి మంచం మీదున్న భార్య నుదుటి మీద భర్త ముద్దు పెట్టుకున్న సినిమాకు ఎర్ర చుక్క పెట్టాను. నుదుటి ముద్దు ముద్దేనా అని పెద్దలం గంటసేపు చర్చించాం. ముద్దేనని గట్టిగా వాదించిన మహానుభావుణ్ణి నేనే.

పాటల్లో కళ్ళు మూసుకోవాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. అయితే పాట అయిపోయిందో లేదో తెలియాలంటే కళ్ళు తెరవాలి కదా. తెరిస్తే అయిపోయి ఉండేది కాదు. మళ్ళీ మూసుకొని, మళ్ళీ తెరిచి, హాల్లో అందరికంటే శ్రద్ధగా చూసింది నేనేనేమో.

ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్ను, సెల్‌ఫోన్ వెలుతురు. ఈ వాలకం చూసి క్యాంటీన్ భాయ్, సినిమా కొన్నవాళ్ళు జనాన్ని లెక్కపెట్టడానికి పంపిన మనిషిననుకున్నాడు. "క్యా సాబ్, పబ్లిక్ గిన్‌నే ఆయే?" అని అడిగాడు. నేను ఒక చిన్న నవ్వు నవ్వాను. అప్పటినుంచి ప్రతి ఇంటర్వెల్‌కూ టీ, రెండు సమోసాలు నా సీటు దగ్గరికే వచ్చేవి, ఉచితంగా. నేను అవునని అబద్ధం చెప్పలేదు, కాదని నిజమూ చెప్పలేదు. దానికీ నా పుస్తకంలో గడి లేదు.

ఇప్పుడు మా ఇంటామె సంగతి చెప్పాలి. ఆమె దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. నా కోడిగీతల లెక్కను శనివారం చార్టు మీద శుభ్రంగా ఎత్తి రాసేది ఆమే. ఆదివారం దాన్ని మందిరం గోడకు అంటించేవాళ్ళం. ఆమె పుట్టిల్లు అఫ్జల్‌గంజ్‌లో ఒక సినిమా హాలు వెనక గల్లీలో. చిన్నప్పుడు మిద్దె మీద కూర్చొని గోడ అవతలి నుంచి వచ్చే మాటలూ పాటలూ వినేదట. బొమ్మ మనసులోనే వేసుకునేదట. పెళ్ళయ్యాక, సంఘపెద్ద భార్య కాబట్టి, అదీ పోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఏ హాల్లోనూ కాలు పెట్టలేదు; ఆకుపచ్చ చుక్కలు కూడా సంఘపెద్దల ఇంటివాళ్ళకు వర్తించవు. నేను మాత్రం దేవుని పని మీద వారం వారం పోయి వచ్చేవాణ్ణి.

చార్టు రాస్తూ మధ్యలో ఆగి అడిగేది. "గామె ఎందుకు ఏడ్సిందయ్యా? తర్వాత ఏమైంది?"

"ఏడుపుకు గడి లేదు. మద్యం నాలుగు, రాయి," అనేవాణ్ణి.

అలా అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే నన్ను నేనే రెండు తగిలించాలనిపిస్తోంది.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. మగవాళ్ళు ఎడమ వైపు, ఆడవాళ్ళు కుడి వైపు చాపల మీద కూర్చుంటాం. తప్పు చేసినవాళ్ళు అందరి ముందూ లేచి ఒప్పుకోవాలి. ఆ తర్వాత నెలరోజులు వెనకాల, చెప్పుల దగ్గరి చాప మీద కూర్చోవాలి. మొదటి ఆదివారం ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం వాళ్ళకు ఉండవు. నేను ఎర్ర చుక్క పెట్టిన ఒక సినిమాకు మా సంఘంలోని ఆటో తమ్ముడు పిల్లల్ని తీసుకొని వచ్చాడు. మరుసటి శుక్రవారం నేను ఇంకో సినిమాకు పోతుంటే, దారిలో ఆ హాలు ముందు నా కంట పడ్డాడు. నేనే పోయి అయ్యగారికి చెప్పాను. ఆదివారం అతను లేచి, "పిల్లలు మస్తు లొల్లి జేసిండ్రన్నా," అని నా వైపే చూసి అన్నాడు. నెల రోజులు చెప్పుల దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గు.

ఇక ఆ శుక్రవారం. అది పెద్ద హీరో ఎవరూ లేని చిన్న సినిమా. మొగుడూ పెళ్ళాల కథ. జనం పలచగా ఉన్నారు. ప్రతి శుక్రవారం పది నుంచి రెండు దాకా మందిరంలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన ఉంటుంది. మా ఇంటామె అక్కడికని నాకంటే ముందే తయారై వెళ్ళింది. ఏ హాలుకు, ఏ ఆటకు పోతానో ఇంట్లో చెప్పే అలవాటు లేని నేను తాపీగా పదకొండు గంటల ఆటకు వచ్చి కూర్చున్నాను. ఇంటర్వెల్‌కు లైట్లు వెలిగాయి. మూడు వరుసల ముందు నాకు బాగా తెలిసిన చీర కనిపించింది. దాని మీద బాగా తెలిసిన జడ. పక్కన మా పక్కింటి పాలవాళ్ళ వదిన. ఇద్దరి చేతుల్లోనూ సమోసాలు. ఉపవాసంలో సమోసాలు.

అనుమతి ఉన్నవాణ్ణి నేను, తప్పు చేసింది ఆమె. అయినా వంగి సీటు కింద దాక్కున్నది నేను. భాయ్ టీ పట్టుకొని వచ్చి, "సాబ్, కుచ్ గిర్ గయా క్యా?" అని అడిగాడు. పెన్ను పడిపోయిందని చెప్పాను. అప్పటికి అది నా జేబులోనే ఉంది.

రెండో సగంలో నేను తెర వైపు చూసింది తక్కువ. ఆమె తల వెనక్కి వేసి నవ్వింది. వదిన భుజం మీద ఒక్కటి చరిచి మరీ నవ్వింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడ్చిందో తెలుసుకుందామని తెర వైపు తిరిగేసరికి ఆ సీను అయిపోయింది. ఆట ముగియకముందే పక్క తలుపు నుంచి బయటపడ్డాను.

ఆమె ఇంటికొచ్చాక అడిగాను. "ప్రార్థన ఎట్లైంది?"

"మంచిగైంది. కండ్లల్లకెల్లి నీళ్ళొచ్చినయ్," అంది, అన్నం పెడుతూ.

సగం నిజమే.

ఎల్లుండి మొదటి ఆదివారం. ఆటో తమ్ముణ్ణి నిలబెట్టిన నోటితో మా ఇంటామె పేరు చెప్పాలి. చెప్పకపోతే నేను దొంగను. చెబితే ఆమె నలుగురి ముందూ తల వంచుకొని నిలబడుతుంది, నెల రోజులు చెప్పుల దగ్గర కూర్చుంటుంది. ఆ నవ్వు మళ్ళీ కనబడదు. నాకు భయం వేసింది. దేవుడంటే కాదు, ఆ నవ్వు పోతుందని.

శనివారం పొద్దున చార్టు పరిచి కూర్చుంది. నేను పుస్తకం చూసి చెబుతున్నాను. ముద్దు సున్నా. బూతు ఒకటి. మద్యం రెండు.

"రెండు గాదు, మూడు," అంది, తల ఎత్తకుండానే. "పెండ్లిల ఒకపారి, బార్ల ఒకపారి, ఆఖర్కి మిద్దె మీద..."

స్కెచ్ పెన్ను ఆగిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బయట వదినవాళ్ళ బర్రె అరిచింది. ఇద్దరం దాని అరుపు వింటున్నట్టు కూర్చున్నాం. ముందు ఆమే తల ఎత్తింది.

"నువ్వు గూడ ఆడనే ఉంటివి గదా. మరి రెండే ఎట్ల రాసినవ్?"

"మూడోది జూడలే," అన్నాను. "నిన్ను జూసిన."

ఆమె మద్యం గడిలో మూడు వేసింది. తీర్పు గడి ఖాళీగా వదిలేసింది. ఏ చుక్క పెట్టాలో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఈ సంగతి మా ఇద్దరి మధ్యే ఉంచుదామని నేను మనసులో నిర్ణయించుకున్నాను. ఎంత గొప్ప మనసో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆమె నిర్ణయం వేరు. ఆదివారం అయ్యగారు రొట్టె చేతిలోకి తీసుకోగానే కుడి వైపు నుంచి లేచి నిలబడింది.

"అయ్యగారు, నేను మొన్న ఒంట్ల బాగలేదని అక్కలకు జెప్పిన. ప్రార్థనకు వోయిన్నని ఇంట్ల జెప్పిన. పోయింది సిన్మకు. సిన్మ జూసినందుకు గాదు, అబద్ధం జెప్పినందుకు నాకు రొట్టె దీస్కోబుద్ధి అయితలేదు."

ఆమె తల వంచుకోలేదు. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"నేను గూడ తప్పు జేసిన అయ్యగారు," అన్నాను. "ఆఫీసరోళ్ళ లెక్క ఫోజు గొట్టి, హాల్ల రెండేండ్ల సంది ఉత్తగ సమోసాలు దిన్న."

ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమన్న నవ్వు వినిపించింది. అయ్యగారు తల గోక్కున్నారు. "కూసోండ్రి అన్నా. సమోసాలకు నెల శిక్ష ఏడుంటది?"

"ఆటో తమ్మునికి ఉండె గద అయ్యగారు. ఆయన పిల్లలను దీస్కొని వొచ్చిండు, అంతే. నేను ఆయన మీద చెప్పిన. నాకెందుకు ఉండొద్దు?"

ఆడవాళ్ళ వైపు నవ్వు ఆగిపోయింది. అయ్యగారు చేత్తో మా ఇద్దరికీ వెనక చాప చూపించారు.

ఆ సాయంత్రం ఆటో తమ్ముడి ఇంటికి పోయాను. లోపలికి రమ్మన్నాడు, నీళ్ళిచ్చాడు. మందిరానికి వస్తానని మాత్రం అనలేదు. ఇప్పటికీ రాలేదు.

చెప్పుల దగ్గరి చాప చిన్నది. దాని మీద మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు అని ఉండదు. పెళ్ళినాడు తప్ప మందిరంలో మేమిద్దరం ఎప్పుడూ పక్కపక్కన కూర్చోలేదు. వాక్యం నడుస్తుండగా ఆమె మోచేత్తో నన్ను పొడిచింది.

"అయ్యా, ఆ దినం నేను ఎన్నిసార్లు నవ్విన?" అని చెవిలో అడిగింది.

"లెక్కవెట్టలే," అన్నాను.