తుండు వేసిన సీటు

హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తుండు వేసినవాడిదే సీటు. దాని మీద ఎవరూ వాదించరు. నా భార్య కృష్ణగిరిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నా ఆఫీసూ ఆ ఊళ్లోనే. మోకాళ్ల నొప్పితో ఆమె ఆ తోపులాటలో ఎక్కలేకపోయేది కాబట్టి తుండు వేయడం నా పని. నేను కూర్చుని, ఆమె వచ్చేదాకా పక్కసీటు మీద తుండు ఉంచేవాణ్ణి. "ఈడ ఆళ్ ఉండారా?" అని ఎవరైనా అడిగితే ఆళ్ ఉన్నారనేవాణ్ణి.

ఆళ్ అంటే తమిళంలో మనిషి. కూలిమనిషినీ అలాగే అంటారు. ఈ వైపు తెలుగువాళ్లమూ అదే వాడతాం. ఒకసారి నేను అలా చెప్పడం విని ఆమె, "ఆళ్ అంటారేమి, నేనేమన్నా కలుపు తీయను వచ్చినానా? ఆలు అనండి. నాలిక రవ్వంత తిప్పితే చాలు" అంది. నలుగురిలో పెళ్లాన్ని ఆలు అనడానికి నాకు సిగ్గు. ఎప్పుడూ అనలేదు.

ఆమె పోయిన మూడో నెలలో, ఇంట్లో మిగిలిన కాలేజీ లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చిరావడానికి బయలుదేరాను. ఆమె లేకుండా ఆ బస్సెక్కడం అదే మొదలు. ఎక్కి కూర్చున్నాక చూస్తే పక్కసీటు మీద తుండు పరిచి ఉంది. పరిచింది నేనే. తీయలేకపోయాను.

రికార్డు పుస్తకం పట్టుకున్న ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, "ఆళ్ వస్తారా అంకుల్?" అని అడిగింది.

"వస్తారమ్మా" అన్నాను.

అమ్మాయి కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు కదిలింది. అమ్మాయి వెనక నిలబడ్డ పెద్దామె, చేతిలో కూరగాయల సంచి, ఊరుకోలేదు.

"ఏమప్పా, బండి కదిలిపాయె. నీ ఆళ్ యాడ? ఇంకా జడేసుకుంటా ఉండాదా?"

ముందు సీట్లవాళ్లు నవ్వారు. లేచి వెనక్కు పోయి నిలబడదామా అనిపించింది. బస్సు స్టాండు దాటి మెయిన్ రోడ్డెక్కింది. అప్పుడు తుండు తీసి మడిచాను.

"ఆలు లేదమ్మా. కూర్చో."

ఆలు అనే పలికాను. ఎవరికీ తేడా తెలియలేదు.

"కూర్చో బిడ్డా, నాయన మాదిరి ఉండాడు" అని పెద్దామె అమ్మాయిని సీట్లోకి తోసింది. తర్వాత నా వైపు వంగి, "ఇంట్లో ఆమేనా అప్పా, నువ్వు కాచుకునింది?" అంది.

"అవును."

"అట్లైతే ఫోన్ చెయ్యి. పాపం ఆడనే నిలబడి చూస్తా ఉంటుంది."

సరేనని నేను ఊరుకోవచ్చు. కానీ నేను ఫోన్ చేసేదాకా పెద్దామె వదిలేలా లేదు.

"చనిపోయిందమ్మా" అన్నాను.

పెద్దామె సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. దారిలోని షూళగిరి ఊరు దగ్గరపడుతుండగా, "నేను జడ అనింది మనసులో పెట్టుకోవద్దప్పా" అంది.

"లేదమ్మా" అన్నాను.