తెల్లచీరల మూట

తుఫాను దెబ్బ తిన్న, సముద్రంలో చేపలు పట్టుకు బతికే పల్లెకారులకు బట్టలు పంపుతున్నామని మా వీధి సహాయ సంఘం అధ్యక్షుడు సభ పెట్టి మరీ చెప్పారు. పేదవాడికి కావలసింది జాలి కాదు న్యాయమని కరపత్రాల్లో చదివి చదివి ఉడుకుతున్నవాణ్ణి, మూట నేనే తీసుకెళ్తానన్నాను. నెల్లూరులో పొద్దుటి మొదటి బస్సెక్కి ముత్తుకూరులో దిగాను. టిక్కెట్టు అర్ధరూపాయి లోపే. అక్కడి నుంచి కృష్ణపట్నం వైపు రోడ్డు కోసుకుపోయింది కాబట్టి ఎద్దుబండే గతి. బండి తోలే మస్తానయ్య మూటను చూసి నవ్వాడు.

"మొన్నెవురో ఉన్నికోట్లు తెచ్చినారన్నా. చేపలకు తొడిగేదానికి గావాల."

మధ్యాహ్నానికి పల్లెపాళెం చేరాము. గుడిసెలన్నీ నేలమట్టం. ఆడవాళ్ళు చుట్టూ చేరగానే మూట విప్పాను. అన్నీ కొత్తవే, అన్నీ తెల్లచీరలే. చౌకగా దొరికాయని కొన్నారట.

ఒక్కరూ చెయ్యి చాపలేదు. ముందు నిలబడ్డ పోలమ్మ భర్త తుఫానుకు ముందు పడవేసుకొని వెళ్ళి ఇంకా రాలేదు. ఆమె ఒంటిమీద చీర పీలికలైంది. అయినా సూటిగా చూసి అడిగింది.

"మావోడు పోయినాడని నీకెవురు చెప్పినారబ్బయా?"

మొగుడు పోయిన ఆడదానికి పెట్టే చీర అది. అందుకుంటే అతను చచ్చాడని ఆమె ఒప్పుకున్నట్టే.

"వెనక్కి తీసుకుపోతానక్కా," అన్నాను.

"దేనికి? గుడ్డేం పాపం చేసింది? వలలు ముంచే కాగు ఖాళీగానే ఉండాది. వలలన్నీ సముద్రం మింగె."

వలలు చివికిపోకుండా తుమ్మచెక్క ఉడికించిన రంగులో ముంచే పెద్ద కుండ అది. అందులో చెక్క ఉడికించి చీరలన్నీ ముంచారు. ఇటుకరంగులో పైకి తేలాయి. పోలమ్మ తడి ఆరకముందే ఒకటి చుట్టుకుంది.

"మీ పెద్దాయనతో చెప్పు, ఈతూరి నూలు పంపమని. మావోడొస్తే ఏ వలేస్తాడు?"

ఆఖరి బస్సుకు తిరిగొచ్చి ఈ మాట చెబితే అధ్యక్షుడు మండిపడ్డారు. "దానమిచ్చిన కొత్తబట్టలు పాడు చేశారా? అన్నం లేనివాళ్ళకు రంగులొకటా?"

"ఆ తెల్లచీర మీ శ్రీమతిగారికి పెట్టి చూడండి," అన్నాను. నా సభ్యత్వం అక్కడితో పోయింది. పోనీ.

ఇల్లు కూలినవాడికి వద్దనే హక్కు కూడా కూలిపోతుందని ఎవరు చెప్పారు వీళ్ళకు? తుఫాను పడవలు తీసుకుపోయింది, వలలు తీసుకుపోయింది. దానికి దొరకని ఆ ఒక్కటీ మన దానంతో లాక్కుంటామా?

మీరు వెళ్ళదలిస్తే పొద్దుటి బస్సే పట్టుకోండి. బట్టలు వద్దు, వల అల్లే నూలు తీసుకెళ్ళండి. పోలమ్మ భర్త వచ్చేసరికి వల సిద్ధంగా ఉండాలి.