అలకు తేదీ చెప్పినవాడు

అంతోణితుర అనే సముద్రపొడ్డు పల్లెలో చేపలమ్మే మెటిల్డకు కోపం ఎక్కువన్న పేరు మొదటినుంచీ ఉంది. బేరం దగ్గర ఎవరైనా మొప్ప ఎత్తి ముక్కు చిట్లిస్తే చాలు, గంప మీద గోనె కప్పేసి "నీకు అమ్మను ఫో" అనేది. అయితే అది గంపతో పాటే దిగిపోయే కోపం. ఇంటికొచ్చి కర్రపెండలం పొయ్యిమీద పడేసి, అత్తగారు లూర్దమ్మ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చునేసరికి దాని ఆనవాలు కూడా ఉండేది కాదు. దిగని కోపాన్ని ఆమెకు టీవీ తెచ్చిపెట్టింది.

ఆ ఏడాది ఒక వార్తా చానల్ ఒక పెద్దమనిషిని తెచ్చి కూర్చోబెట్టింది. పేరు డాక్టర్ ప్రభాశంకర్. పేరు కింద 'సముద్ర శాస్త్రవేత్త' అని వేశారు. అతని వెనక భూగోళం తిరుగుతోంది. పక్కన ఏవో గీతలు గుండె కొట్టుకున్నట్టు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. గ్రహాలు ఒక వరుసలోకి వస్తున్నాయనీ, ఆ ఒత్తిడికి సముద్రం అడుగు కదులుతుందనీ, వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కొబ్బరిచెట్టంత అల తీరం మీద పడుతుందనీ అతను నిమ్మళంగా చెప్పాడు. తన లెక్కను విదేశీ శాస్త్రవేత్తలు కూడా ఒప్పుకున్నారన్నాడు. ఏ దేశం వాళ్ళు, ఎవరు అని కార్యక్రమం నడిపే అమ్మాయి అడగలేదు. ఆమె అడిగిందల్లా "ఇప్పుడు మనం ఎంత భయపడాలి సార్?" అని.

ఆ తర్వాత ఆ చానల్లో ఇంకో ముచ్చట లేదు. పొద్దున అదే, సాయంత్రం అదే. దాన్నే ముక్కలు చేసి జనం ఫోన్లలో పంపుకున్నారు. మెటిల్డ భర్త సిల్వెస్టర్ వల బాగుచేసుకుంటూ, గ్రహాలెక్కడ, అల ఎక్కడ అని నవ్వాడు. మెటిల్డ నవ్వలేకపోయింది. ఆమె పుట్టిల్లు ఉత్తరాన ఉంది. అక్కడ సునామీనాడు ఆమె మేనత్త కొట్టుకుపోయింది. తేదీ, గంట కూడా చెబుతున్నవాడికి ఏమీ తెలియదని ఎలా అనుకుంటుంది? నీకంటే వాళ్ళకి తక్కువ తెలుసా అని మొగుడి మీద విరుచుకుపడింది.

శుక్రవారం పొద్దున్నే చర్చి గంట మోగింది. ఊరు ఊరంతా గుట్టమీది బడికి ఎగబడింది. లూర్దమ్మకు ఉబ్బసం. మెటిల్డ ఆమెను ఒక చంకన పట్టుకుని, బట్టల మూట రెండో చంకన పెట్టుకుని ఎక్కింది. పీల్చే మందు తలగడ కింద ఉండిపోయింది. ఎండ, దుమ్ము, వరండా నిండా జనం. మధ్యాహ్నానికి ముసలామెకు ఊపిరి అందలేదు. సిల్వెస్టర్ మందు కోసం కిందికి పరిగెత్తాడు. ఆటో మాట్లాడదామంటే దారంతా కిందనుంచి వచ్చే బండ్లతో బిగిసిపోయింది. అతను తిరిగి వచ్చేసరికి తల్లి తల మెటిల్డ ఒళ్ళో ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి. ఎదురుగా చానల్ కెమెరా ఉంది.

మూడయింది, నాలుగయింది. సముద్రం చెరువులా పడుకుని ఉంది.

ఆ సాయంత్రం చానల్ మెటిల్డ ఏడుపును పదేపదే చూపించింది. 'అలకు ముందే కన్నీటి కెరటం' అని పేరు పెట్టి, వెనక ఏడుపు పాట కూడా తగిలించింది. ప్రభాశంకర్ మళ్ళీ కూర్చుని, ఒక గ్రహం చివరి నిమిషంలో పక్కకి జరిగిందనీ, ప్రమాదం తప్పలేదనీ, వాయిదా మాత్రమే పడిందనీ చెప్పాడు. అమ్మాయి అతనికి కృతజ్ఞతలు చెప్పింది.

అత్తగారి ఏడోనాటి పూజ అయ్యాక మెటిల్డ ఊరి ఆడవాళ్ళను వెంటేసుకుని నగరంలో చానల్ ఆఫీసుకు వెళ్ళింది. సిల్వెస్టరూ, అతని తమ్ముడు జెరోనూ వెనక నడిచారు. ఒక కుర్ర అధికారి వాళ్ళను చల్లటి గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఎవరూ ముట్టుకోలేదు.

"అమ్మా, అల వస్తుందని మేం ఎక్కడా చెప్పలేదు" అన్నాడు అతను. "'రాక్షస అల రానుందా?' అని అడిగాం, అంతే. చివర ప్రశ్న గుర్తు ఉంది, చూడండి."

నిజంగానే తెరమీద చూపించాడు. అక్షరాలు ఎర్రగా, పెద్దగా ఉన్నాయి. చివర ఆ గుర్తు ఉంది.

"సరే, అడిగారు. ఎవర్ని అడిగారు? నన్నా?" అంది మెటిల్డ. "చేపలమ్ముకునేదాన్ని నన్నడిగితే నేనేం చెప్తాను బాబూ? అడగాల్సింది ఆ కోటువేసుకున్నవాణ్ణి కదా. ఎక్కడ చదివావు, ఏ ఆఫీసులో చేస్తున్నావు, ఇంతకుముందు ఎన్ని చెప్పావు, ఎన్ని నిజమయ్యాయి అని. అది అడిగారా?"

"ఆయన అభిప్రాయం ఆయనదమ్మా. మేం వేదిక ఇస్తాం."

"మా అత్త నా ఒళ్ళో పోయింది కూడా మీకు వేదికేనా? దానికి పాట కట్టారే. అక్కడ ప్రశ్న గుర్తు పెట్టలేదేం?"

కుర్రవాడు తలుపు వైపు చూశాడు. కావలివాళ్ళు వచ్చారు.

ప్రభాశంకర్ సంగతి తెలుసుకోవడానికి పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. అతని దుకాణం నగరంలోనే ఉంది. ఇంట్లో పెట్టుకుంటే కీడు పోతుందంటూ రాగి పిరమిడ్లు అమ్ముతాడు. సముద్రం గురించి అతను చదివిందేమీ లేదు. ఒక్క పూట వెతికి ఉంటే చానల్‌కు కూడా తెలిసేది. అది తలచుకున్నప్పుడల్లా మెటిల్డకు కోపం కొత్తగా లేచేది. వాళ్ళు తెలుసుకోలేక కాదు, తెలుసుకుంటే ఆట చెడుతుందని వెతకలేదు. పోలీసులకు చెప్పింది, కలెక్టరుకు చెప్పింది. చివరికి చానల్‌కు తగు సలహా ఇచ్చామని ఎవరో జవాబు పంపారు. సలహా అన్న మాట చదివించుకుని ఆమె ఆ రోజు గంప ఎత్తలేదు.

మరుసటి వేసవి చివర మత్స్యశాఖ జీపు మైకు పెట్టుకుని ఊళ్ళోకి వచ్చింది. కళ్ళక్కడల్ రావచ్చు, పడవలు పైకి లాగండి, ఒడ్డున ఉన్న ఇళ్ళవాళ్ళు జాగ్రత్తగా ఉండండి అని. గాలి లేకుండా, వాన లేకుండా, దొంగలా మీదకొచ్చే సముద్రాన్ని అక్కడివాళ్ళు అలా అంటారు. జనం జీపును చూసి ఈలలు వేశారు. ఈసారి ఏ గ్రహం అని అరిచారు. మెటిల్డ ఏకంగా గంప తెచ్చి జీపు ముందు పెట్టింది.

"ఎవరు చెప్పారు మీకు? ఎలా తెలిసింది?"

జీపులోంచి దిగిన అధికారిణి పేరు బీనాకుమారి. ఎండకు ముఖం కందిపోయి ఉంది. విసుక్కోకుండా జవాబు చెప్పింది. "దక్షిణాన చాలా దూరంలో పెద్ద తుఫాను లేచింది. అక్కడ పుట్టిన పోటు ఇటు నడిచొస్తోంది. సముద్రంలో తేలే యంత్రాలు దాన్ని కొలిచి పంపుతున్నాయి. రేపు మధ్యాహ్నం తర్వాత ఎప్పుడైనా తగలొచ్చు."

"ఎన్ని గంటలకి? ఎంత ఎత్తు?"

"అంత కచ్చితంగా చెప్పలేను. మీ దగ్గర తక్కువగా రావచ్చు. అసలు రాకపోనూవచ్చు."

"రాకపోతే ఏం చేస్తావ్?"

"రాలేదని మళ్ళీ ఇదే మైకులో చెప్తాను. పోయినేడు ఒకసారి చెబితే నీళ్ళు రాలేదు. అప్పుడూ వచ్చి చెప్పాను, పక్క ఊళ్ళో అడుగు."

మెటిల్డ గంప తీసేసింది. పక్క ఊళ్ళో ఉన్న తోటి చేపలావిడకు ఫోన్ చేసి అడిగింది. నిజమే, వచ్చి చెప్పింది, తిట్లు కూడా తిన్నది అందావిడ. మెటిల్డ ఇంటి ముందు కాసేపు నిలబడింది. రాగి పిరమిడ్లవాడికి గంట కూడా తెలుసు. ఈమెకు చాలా సంగతులు తెలియవు, తెలియవని నోటితో చెబుతోంది. వాడు పరిగెత్తండన్నాడు, చూస్తూనే ఉండండన్నాడు. ఈమె పడవ లాగండని చెప్పి తర్వాతి ఊరికి పోయింది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చూశాక మెటిల్డ కొంగు బిగించి వీధిలోకి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె తిట్టని గడప లేదు. కొందరు ఆ నోటికి జడిసి పడవలు పైకి లాగారు. జెరోన్ మాత్రం కదల్లేదు. పడవ మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఒకసారి పరిగెత్తి అమ్మని పోగొట్టుకున్నాం వదినా. ఇంక నేను ఎవడి మాటా వినను."

"పరిగెత్తమని ఎవరన్నార్రా? పడవ లాగమన్నాను. అమ్మని చంపింది హెచ్చరిక కాదు, అబద్ధం. రెండూ ఒకటేనని నీకు నేర్పిపెట్టి పోయారు ఆ టీవీవాళ్ళు."

"రెండూ మైకులోంచే వచ్చాయిగా" అన్నాడు జెరోన్.

మెటిల్డకు ఏడుపు వచ్చింది. ఏడవకుండా అతని బీడీ లాగి ఇసకలో తొక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆకాశంలో మబ్బుతునక లేదు. పొద్దు వాలుతుండగా నీళ్ళు లేచాయి. గోడలా కాదు, పాలు పొంగినట్టు. ఒడ్డు దాటి సందుల్లోకి వచ్చాయి, వెనక్కి పోయాయి, మళ్ళీ వచ్చాయి. ముందువరస ఇళ్ళలో రెండింటి గోడలు కూలాయి, అప్పటికే అవి ఖాళీగా ఉన్నాయి. జెరోన్ పడవను నీళ్ళు ఎత్తి రాతిగట్టుకేసి కొట్టాయి. దాన్ని ఆపబోయి అతను చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు.

నీళ్ళు తగ్గేలోపే చానల్ బండి వచ్చింది. ఒక విలేకరి పిల్ల బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని మెటిల్డను వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, ఊరంతా మీరే కాపాడారంటున్నారు. మీకు ముందే ఎలా తెలిసింది? కలలో కనిపించిందా?"

"నాకేం తెలీలేదు. ఆఫీసువాళ్ళు కొలిచి చెప్పారు, నేను అడిగి విన్నాను. అదే వేసుకో."

"అది వేస్తాం. కడలమ్మ మీతో ఏమైనా..."

"ముందు ఒకటి చెప్పు" అంది మెటిల్డ, మైకును చేత్తో పట్టుకుని. "పిరమిడ్లవాడు అబద్ధం చెప్పాడనీ, మీరు అడక్కుండా వేశారనీ, దానివల్ల లూర్దమ్మ పోయిందనీ ఇప్పుడు ఇక్కడ నిలబడి చెప్పు. తర్వాత నువ్వేం అడిగినా చెప్తాను."

పిల్ల కెమెరా పట్టుకున్న అతని వైపు చూసింది. అతను కెమెరా దించాడు. సాయంత్రం వార్తల్లో మెటిల్డ లేదు, బీనాకుమారి లేదు. నీళ్ళు రాకముందు ఊరి కుక్కలు వింతగా అరిచాయని చెప్పే ముసలాయన ఒకడు ఉన్నాడు. సిల్వెస్టర్ అది చూసి నవ్వబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు. ఆమె లేచి వెళ్ళి బయట బురద ఎత్తిపోయడం మొదలుపెట్టింది. పార నేలకు తగిలిన ప్రతిసారీ ఆ కుర్ర అధికారి చూపించిన ఎర్రటి అక్షరాలే కళ్ళ ముందుకొచ్చాయి. పక్కింటివాళ్ళు సాయం వస్తే కసిరి పంపేసింది.

చేతి కట్టు విప్పాక జెరోన్ వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, ఆ జీపు మేడమ్ నంబరు ఉంటే ఇవ్వమన్నాడు. మెటిల్డ వెంటనే ఇవ్వలేదు. చేపలు తోముతూ అతన్ని చాలాసేపు అలాగే నిలబెట్టింది.

"తీసుకో" అంది ఆఖరికి. "ఆవిడ చెప్పిందని గుడ్డిగా నమ్మకు. ఎలా తెలిసిందో అడుగు. అడిగితే చెప్పకుండా కసురుకుంటే నా దగ్గరికి రా, ఇద్దరం కలిసి ఆవిడ ఆఫీసుకు వెళ్దాం."