కల్లంలో ఇటలీ బొమ్మల పత్రిక

ఎండు మిరపకాయల ఘాటుకు ఎవరికైనా దగ్గొస్తుంది, నాకు మాత్రం ఇటలీ గుర్తొస్తుంది. నిన్న మా ఊరు రెంటచింతలలో బస్సు దిగగానే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, నాలో నేనే నవ్వుకున్నాను.

మా చిన్నప్పుడు ఊరి చర్చిలో ఇటలీ నుంచి వచ్చిన ఫాదరు గారు ఉండేవారు. అక్కడి పిల్లల బొమ్మల వారపత్రికను ఆయన చెల్లెలు నెలల తరబడి పోగేసి, కట్టకట్టి ఓడలో పంపేది. ఆ పత్రిక ఫాదరు గారు పుట్టకముందే మొదలైందట; మొదట్లో పెద్ద పెద్ద కాగితాల మీద వచ్చేదట, యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క చిక్కిపోయిందట, ఆ తర్వాత చేతిలో ఇమిడే పుస్తకమై, సగం పేజీలు రంగుల్లో, సగం నలుపు తెలుపుల్లో మా దాకా వచ్చింది. వాళ్ల నాన్న, తను, మేనల్లుళ్లు, అందరూ దానికోసం వారం వారం కొట్లాడుకున్నవాళ్లేనని చెబుతూ ఆయన మురిసిపోయేవారు.

ఆదివారం పూజ అయ్యాక ఒక పుస్తకం నా చేతిలో పెట్టేవారు. ఎండలు ముదిరే ఆ రోజుల్లో కల్లంలో ఆరబోసిన మిరపకాయలకు కావలి మా పిల్లలదే. టార్పాలిన్ పట్టా నీడన, వేయించిన శనక్కాయలు నములుతూ, చెమటకు అంటుకున్న కారం చుర్రుమంటుంటే, నేను అందరికీ చదివి వినిపించేదాన్ని. ఫాదరు గారు నాకు ఇటలీ భాష నేర్పారని కోతలు కోశాను మరి. నిజానికి ఒక్క ముక్క రాదు. బొమ్మలు చూసి నోటికొచ్చింది అల్లేదాన్ని. పొడుగు ముక్కువాడు కనిపిస్తే వాడు మాచర్ల సంతలో గిత్తను కొట్టేసిన దొంగ. పళ్లెంలో ఎర్రటి సేమ్యా కనిపిస్తే అది పండుమిరపకాయల పచ్చడి కలిపిన సేమ్యా. ఆ సాయంత్రం పిల్లలంతా ఇళ్లలో గోలచేసి అదే వండించుకున్నారు. నా స్నేహితురాలు ఇన్నమ్మ కళ్ల నీళ్లు కారుతున్నా మారు వడ్డించుకుని తిన్నది.

ఒకరోజు గిత్త దొంగ కథ మంచి ఊపులో ఉండగా తల తిప్పి చూస్తే, సైకిలు పట్టుకుని ఫాదరు గారు వెనకే నిలబడి ఉన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన నిజం చెబితే ఇక ఈ కల్లంలో నా మాట వినేదెవరు? ఇన్నమ్మ ఊరుకుందా!

"ఏంది ఫాదరూ, ఇది సరిగ్గానే చదువుతుందా?"

ఆయన పుస్తకం తీసుకుని ఆ పేజీ అంతా చూశారు.

"చానా బాగా చదువుతుంది. ఇంత కథ ఉందని నాకే తెలియలేదు."

ఆ రోజు కలిగినంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

ఫాదరు గారు పోయి చాలా ఏళ్లయింది. మా కల్లం ఉన్నచోట కోల్డ్ స్టోరేజీ లేచింది. అక్కడ ఇటలీలో ఆ పత్రిక మాత్రం ఇంకా వారం వారం వస్తూనే ఉందట. నిన్న ఇన్నమ్మ తను దాచుకున్న గిత్త దొంగ పుస్తకం తెచ్చింది. దాని మీద ఫోను కెమెరా పెడితే, అది మాటలన్నీ తెలుగులోకి మార్చి పైకి చదివింది. పొడుగు ముక్కువాడు దొంగ కాదట, పశువుల డాక్టరట. జబ్బు చేసిన గిత్తను ఆసుపత్రికి తోలుకుపోతున్నాడట.

ఇన్నమ్మ అంతా శ్రద్ధగా విని, ఫోను పక్కకు నెట్టింది.

"దీనికి చదవటం రాదే. నువ్వు చదువు."